కలపని కుండ

11,204వ రోజు

కుండ వేడి ముప్పై ఒకటి. నురగ సన్నగా ఉంది, వాసన సరిగ్గా ఉంది. నా వరసలో 118 మంది, ఆవిడ వరసలో 96.

ఇది చిత్తు పుస్తకం. అసలు కుండ పుస్తకం అలమరలో ఉంది. కుండ చూసుకునేవాళ్ళు దాన్ని ప్రతి అమావాస్యకీ తెప్ప జనమంతటి ముందూ పైకి చదవాలి కాబట్టి అందులో అంకెలు మాత్రమే రాస్తాను. మిగతాది ఎక్కడో ఒకచోట కక్కకపోతే నాకు అన్నం అరగదు. అందుకే ఈ చిత్తు.

మా పదమూడో తెప్పని నీళ్ళ మీదకి దింపిన రోజున మా అత్తగారు ఈ తరవాణి కుండ, అంటే పులిసిన గంజినీళ్ళ కుండ, పెట్టింది. అది ఒకటో రోజు. అప్పటినుంచి కుండ ఒక్క పూటైనా ఖాళీ కాలేదు. రోజూ గంజీ, బియ్యం కడుగూ పోస్తాం, పొద్దున్నే మనిషికో గ్లాసు పంచుతాం. వెనకటికి జబ్బు చేస్తే బిళ్ళ వేసుకునేవారట. ఆ బిళ్ళలు పనిచెయ్యడం మానేశాక మా కడుపుల్ని కాస్తున్నవి ఈ కుండలో ఉన్న కంటికి కనపడని పురుగులే. అవి పేగుల్లో చోటంతా ఆక్రమించుకుని కూర్చుంటే చెడ్డవి వచ్చి కూర్చోలేవు. అత్తగారి తర్వాత పందొమ్మిదేళ్ళుగా గరిటె నా చేతిలోనే ఉంది. మరిడమ్మ గరిటె అంటే తెప్పలో ఉన్న రెండొందల పద్నాలుగు మందికీ తెలుసు.

ఇప్పుడు గరిటెలు రెండయ్యాయి. మా మరిది కొడుకు శేషు రెండున్నర నెలల కిందట ఎనిమిదో తెప్ప పిల్లని చేసుకొచ్చాడు. పేరు హైమ. ఎనిమిదో తెప్ప పోయినేడు తుఫానుకి విరిగిపోయింది, జనం తలో తెప్పకీ చెదిరిపోయారు. అక్కడ కుండ చూసుకునేది ఈ పిల్లే. అందుకని కుండతో సహా కాపరానికొచ్చింది.

ఒక తెప్పకి ఒకటే కుండ. ఇంకోటొస్తే మూడో రోజున రెండూ కలపాలి. అది ఆచారం. కలిపాక వయసులో పెద్ద కుండ లెక్క సాగుతుంది, చిన్నదాని పుస్తకం మూసేస్తారు. మూడో రోజున హైమ స్నానం చేసి, కుండ నెత్తిన పెట్టుకుని, మా గది గుమ్మంలోకి వచ్చింది. నీ కుండ ఎన్నో రోజమ్మా అని మామూలుగా అడిగాను. ఆ రోజుకి పద్నాలుగు వేల ఎనిమిది వందల తొంభై అని చెప్పింది.

మంచి రోజు చూసి కలుపుదాంలే అని పంపేశాను. అప్పటినుంచి మంచి రోజు రాలేదు. కుండ ఎండిపోకూడదు కదా, ఆ పిల్ల తన గుమ్మంలోనే పంచడం మొదలెట్టింది. ముందు మొగుడొక్కడే తాగాడు. ఇప్పుడు తొంభై ఆరు మంది.

11,209వ రోజు

వేడి ముప్పై. నా వరసలో 97, ఆవిడ వరసలో 117.

ఇవాళ బుల్లెమ్మొదిన అటు వెళ్ళింది.

మిగతావాళ్ళు పోతే పోయారు, కొత్తొక వింత, పాతొక రోత. బుల్లెమ్మొదిన పోవడం వేరు. నేను ఈ తెప్పకి కోడలిగా వచ్చిన రోజున నా చెయ్యి పట్టుకుని దింపింది ఆవిడే. డెబ్భై ఏళ్ళొచ్చినా రోజూ అందరికంటే ముందు నా గుమ్మంలో నిలబడేది. నేను పోసిన గ్లాసు ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, మీ అత్త పోసినట్టే ఉందే అనేది. ఆ మాటతో నాకు రోజు గడిచేది.

ఇవాళ రాలేదు. జ్వరమేమోనని కంగారుపడి వెళ్ళి చూస్తే హైమ గుమ్మంలో అరుగు మీద కూర్చుని గ్లాసు నాకుతోంది. నన్ను చూసి సిగ్గైనా పడలేదు. ఈ పిల్లది పుల్లగా లేదే, కాస్త కమ్మగా ఉంది, పళ్ళు జివ్వుమనటం లేదు అని నాకే చెప్పింది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. హైమ లేచి నిలబడి, మీరూ ఓ గ్లాసు తాగండి పెద్దత్తా అంది. నాకు దాహం లేదని చెప్పి వచ్చేశాను. గదిలోకొచ్చి తలుపేసుకుని నాలుగు గ్లాసుల మంచినీళ్ళు తాగాను.

ఆ పిల్ల ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. నాతో అయితే మరీ. కుండ దగ్గరికి వెళ్ళేముందు కాళ్ళు కడుక్కుంటుంది, గరిటె బోర్లించే తీరు చూస్తే మా అత్తగారే గుర్తొస్తుంది. ఒక్క తప్పు దొరికితే బాగుండును. పదిరోజులుగా వెతుకుతున్నాను.

11,212వ రోజు

వేడి ముప్పై ఒకటి. నా వరసలో 88.

పుట్టగొడుగుల షెడ్డుకి వెళ్ళి ఒక జాడీ పాకం తెచ్చుకున్నాను. కాండాలు ఉడకబెట్టి తీసే ఆ పాకం నాచు అప్పడాలు విరిగిపోకుండా పైన పూయడానికి వాడతారు. చక్కెరంత తీపి కాదు, నాలిక చివర మెత్తగా తగులుతుంది. ఎవరికీ ఎప్పుడూ చెడు చేసింది లేదు, అప్పడాల మీద పిల్లలు నాకుతూనే ఉంటారు.

కుండలో వెయ్యలేదు. కుండలో వేస్తే కుండ పురుగులే తినేస్తాయి, గ్లాసులోకి తీపి రాదు. పంచే బిందెలోకి తోడుకున్నాక, గుమ్మం తెరిచేముందు, పది గరిటెలు కలిపాను. రుచి చూశాను. పులుపు తగ్గలేదు గానీ పళ్ళు జివ్వుమనలేదు.

ఇందులో తప్పేముంది. ఇల్లాలు పులుసులో బెల్లం ముక్క వేస్తే ఎవరైనా తప్పుపడతారా?

11,217వ రోజు

నా వరసలో 131. ఆవిడ వరసలో 83.

రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు. మరిడమ్మ కుండకి ఏదో కొత్త కమ్మదనం వచ్చిందని తెప్పంతా ఒకటే మాట. ఎలా వచ్చిందని అడిగిన వాళ్ళకి కుండకి మంచి వయసొచ్చిందని చెప్పాను. తెప్పపెద్ద పేరయ్యగారు కూడా గ్లాసు తాగి తలాడించారు.

బుల్లెమ్మొదిన తిరిగొచ్చింది! అందరికంటే ముందు, నా గుమ్మంలో, తన పాత చోట్లో. తాగి మూతి తుడుచుకుని, మీ అత్త కూడా ఇలా పొయ్యలేదే అంది. మా అత్తగారు పోయి పందొమ్మిదేళ్ళయింది. ఆవిణ్ణి మించానని ఎవరైనా అంటారా అని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను. లోపలికెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చి, అడుగున విడిగా ఓ గరిటె పాకం వేసి ఇచ్చాను.

సాయంత్రం హైమ ఎదురైంది. ఆ పిల్ల మొహంలో ఏమైనా బాధ కనిపిస్తుందేమోనని చూశాను. ఏం లేదు. మీ కుండ దగ్గర జనం బాగున్నారంట కదా పెద్దత్తా, ఇప్పుడైనా కలుపుదామా అని అడిగింది. నా కుండ పైకొస్తున్నప్పుడు కలపాలట! ఎంత తెలివి!

11,223వ రోజు

వేడి ముప్పై. జబ్బుల గదిలో ముగ్గురు. నీళ్ళ విరేచనాలు, జిగురు, కొంచెం నెత్తురు.

ఇలాంటిది మా తెప్పలో పదకొండేళ్ళుగా లేదు. పేరయ్యగారు మొహం పాలిపోయి వచ్చారు. ఉప్పూ, గంజీ కలిపి గంట గంటకీ పట్టించమన్నాను. అంతకుమించి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

11,225వ రోజు

పదకొండు మంది. బుల్లెమ్మొదిన కూడా.

నిన్న సాయంత్రం వరకూ బాగానే ఉంది. ఇవాళ పొద్దున నా గుమ్మంలోకి రాకపోతే వెళ్ళి చూశాను. మంచానికి అతుక్కుపోయింది. ఒక్క రోజులో కళ్ళు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టుకుని లాగితే అలాగే నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడే నా చెయ్యి తట్టి, నీ గ్లాసు పట్రా, అదే నాకు మందు అంది. పట్టుకెళ్ళి ఇచ్చాను. తీపిగా.

తర్వాత కూర్చుని పేర్లు రాశాను. పదకొండు పేర్లూ వరసగా రాసి, ఒక్కొక్కరూ ఎక్కడ తాగారో పక్కన రాశాను. పదకొండుకి పదకొండు మందీ హైమ కుండ తాగినవాళ్ళే. మొదటినుంచీ నన్నే అంటిపెట్టుకున్న ఎనభై ఎనిమిది మందిలో ఒక్కరికి కూడా కడుపు కదల్లేదు.

చూశారా? ఒక్క తప్పు దొరికితే చాలనుకున్నాను, పదకొండు దొరికాయి.

కాగితం పట్టుకెళ్ళి పేరయ్యగారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు లెక్కపెట్టారు. హైమని పిలిపించారు. ఆ పిల్ల కాగితంలో పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చూసింది. నా దగ్గరే తాగుతూ ఉన్న ఎనభై ముగ్గురిలో ఎవరికీ రాలేదు కదండి, వీళ్ళకే ఎందుకొచ్చింది, రీడర్ పెట్టెలో ఒక్కసారి చూడనివ్వండి అని అడిగింది. కడుపులో పురుగుల్ని చూపించే ఆ రీడర్ పెట్టె ఉండేది నా గదిలో. అనుమానం ఉన్న మనిషి ఆ గదిలోకి రాకూడదని నేనే గుర్తుచేశాను. అది నిజంగా ఆచారమే, నేను కల్పించింది కాదు.

మూడు రోజుల్లో పెద్ద పోటు ఉంది. ఆ పోటుకి హైమ కుండ సముద్రంలో పోసెయ్యాలని తీర్మానం చేశారు. కుండ పోసిన మనిషి మళ్ళీ జన్మలో గరిటె పట్టకూడదు.

ఆ పిల్ల ఏడవలేదు. బుల్లెమ్మమ్మని నేను చూసుకుంటానండి, ఎలాగూ పని లేదు కదా అని జబ్బుల గదికి వెళ్ళింది.

11,226వ రోజు

వేడి ముప్పై ఒకటి. జబ్బుల గదిలో పదిహేడు మంది.

అసలు పుస్తకంలో ఇవాళ ఇలా రాశాను: రీడర్ చూడడమైనది, విశేషమేమీ లేదు.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

రీడర్ పెట్టెలో మనిషి దొడ్డికెళ్ళినదాంట్లోంచి ఒక చుక్క వేస్తే అందులో ఏ పురుగులున్నాయో, వాటిలో ఏ జీన్ పని చేస్తోందో, ఏది పడుకుందో గీతలుగా వస్తుంది, పురుగుకో నంబరు. బుల్లెమ్మొదిన చుక్క వేశాను. హైమ కుండలోని ఏదో ఒక నంబరు పైకి లేస్తుందని కాచుక్కూర్చున్నాను. లేచింది నలభై ఏడు. అది హైమ తెచ్చింది కాదు. ఈ తెప్ప పుట్టినప్పటినుంచీ ప్రతి కడుపులోనూ చిటికెడు ఉంటుంది. తినడానికి ఏమీ దొరక్క ఓ మూల పడి ఉంటుంది, మా అత్తగారు దాన్ని పస్తులది అనేది. ఆ పస్తులది ఇప్పుడు వెయ్యి రెట్లయి కూర్చుంది.

దేన్ని తిని ఇంతైందా అని జీన్లు చూశాను. చక్కెరలు విరిచే జీన్లలో ఒకే ఒక్క గుంపు మేలుకుని ఉంది. పుట్టగొడుగు చక్కెరని విరిచే గుంపు. దాని పక్కనే విషం చేసే జీన్ గీత నిలువునా లేచి ఉంది. రెంటికీ ఒకటే గొళ్ళెం. ఆ చక్కెర తగిలితే గొళ్ళెం ఊడుతుంది, తిండి తలుపుతోపాటు విషం తలుపూ తెరుచుకుంటుంది. తిండి లేనన్నాళ్ళూ అది సాధువే.

అప్పడం మీద పూసిన పిసరంత పాకం పై పేగులోనే అరిగిపోతుంది. రోజూ గ్లాసుడేసి పోస్తే కింద దాకా దిగుతుంది. నేను పోశాను.

నా పాతవాళ్ళకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. కానీ మిగతాదంతా అర్థమైంది. చుక్క వేసిన పలక కడిగేసి బోర్లించాను.

ఇంకా రాయాలి. మొదలెట్టాను కాబట్టి పూర్తిగా రాస్తాను. కడిగేసి కూర్చున్నప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఇది. రేపటినుంచి పాకం మానేస్తే నలభై ఏడు మళ్ళీ పస్తులుంటుంది, జనం కోలుకుంటారు. ఎల్లుండి హైమ కుండ సముద్రంలోకి పోతుంది. జబ్బు తగ్గడం, ఆ కుండ పోవడం ఒకేసారి జరుగుతాయి. ఇంకెవరికీ ఏ అనుమానమూ ఉండదు. నా పుస్తకం నడుస్తూనే ఉంటుంది. నేను నోరు తెరవక్కర్లేదు, ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

ఇంత సులువుగా ఉంటుందని నేననుకోలేదు.

11,227వ రోజు

పొద్దున్నే గుమ్మం తెరవకముందు బుల్లెమ్మొదినకి గ్లాసు పట్టుకెళ్ళాను. పాకం వెయ్యలేదు. ఉత్త తరవాణి.

హైమ తడిగుడ్డతో ఆవిడ మొహం తుడుస్తోంది. రెండు రోజులుగా ఆ గది వదల్లేదట. పదిహేడు మంది బట్టలూ తనే ఉతుకుతోందట. చేతులు ఉప్పునీళ్ళకి పగిలిపోయి ఉన్నాయి. చూసి నాకు జాలి వెయ్యలేదు, అదీ రాస్తున్నాను. ఇక్కడ కూడా మంచి పేరు కొట్టేస్తోందే అనుకున్నాను.

బుల్లెమ్మొదిన తల ఎత్తి పట్టుకుని రెండు గుక్కలు పట్టించాను. మింగి, మొహం చిట్లించింది.

"ఇదేటే మరిడీ, ఇయ్యాల ఇంత పుల్లగా ఉంది? రోజూ ఏసే తీపి ఏదే?"

హైమ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"తీపేంటి పెద్దత్తా? తరవాణిలో తీపెందుకుంటుందండి?"

జబ్బు మనిషికి నాలిక చెడి ఉంటుంది, ఆవిడకేం తెలుస్తుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. బుల్లెమ్మొదినే నమ్మేది, అవునేమోలే అని పడుకునేది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఊరికే కొంగు సర్దుకుంటోంది. ఆవిడ నా వంకే చూస్తోంది. నా మీద అనుమానంతో కాదు. గ్లాసు కోసం. ఇంకాస్త పోసి, ఆ తీపి వేసి పట్రావే అన్నట్టు నోరు కొంచెం తెరిచి ఉంచింది. నేనెంత వేసి తెస్తే అంత తాగేస్తుంది. నేను తెచ్చాను కాబట్టి తాగేస్తుంది.

"నేనే కలిపాను," అన్నాను. "పుట్టగొడుగు పాకం. పదిహేను రోజులుగా. నిన్న పెట్టెలో చూశాను, నలభై ఏడు దాన్నే తిని లేచింది. చూసి కూడా చెప్పలేదు."

"ఎందుకు కలిపారండి?"

"నీ మీద కుళ్ళుతో."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆ పిల్ల తడిగుడ్డ పక్కన పెట్టింది. తర్వాత, బిందెకి ఎన్ని గరిటెలండి అని అడిగింది. పది అన్నాను. బుల్లెమ్మమ్మకి విడిగా ఏమైనా వేశారా అంది. గ్లాసుకో గరిటె అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకుంది. నేనైతే ముందు అరిచి, ఊరు కూడగట్టి, ఆ తర్వాత గరిటెల సంగతి అడిగేదాన్ని. ఈ పిల్ల ముందు గరిటెల సంగతి అడిగింది. కుండ పట్టుకోవడం ఎవరికి వచ్చో నాకు అక్కడే తెలిసిపోయింది. అది తెలిసినప్పుడు మండినంతగా నా కడుపు ఇంకెప్పుడూ మండలేదు.

ఇద్దరం నా గదికి వచ్చి పెట్టె ముందు కూర్చున్నాం. ఆచారం సంగతి నేనెత్తలేదు, ఆ పిల్లా ఎత్తలేదు. నా పాతవాళ్ళ చుక్క ఒకటి, తన వాళ్ళ చుక్క ఒకటి, జబ్బువాళ్ళ చుక్క ఒకటి వేసింది. గంటసేపు చూసి చెప్పింది.

"మీ కుండలో పన్నెండో నంబరుందండి. దానికీ ఆ చక్కెర ఇష్టం. మీ పాతోళ్ళ కడుపులో అదే ముందు తినేసింది, నలభై ఏడుకి మిగల్లేదు. నా కుండలో పన్నెండు లేదండి. నాది కొన్ని రోజులు తాగేసరికి దాని చోటు నావి లాగేసుకున్నాయి. తర్వాత మీ దగ్గరికి తిరిగొచ్చి తీపి తాగారు. తినేవాడు లేడు, అంతా నలభై ఏడుకే పోయింది. ఆ మూడో రోజునే కలిపేసుంటే ఎవరికీ ఏవయ్యేది కాదండి." పలక తుడుస్తూ, "నేను గట్టిగా అడగాల్సింది. సగం తప్పు నాదేనండి," అంది.

నా తప్పులో కూడా దీనికి వాటా కావాలి.

నా పాత తరవాణి, ఒక్క చుక్క పాకం లేకుండా, పదిహేడు మందికీ పూటకో గ్లాసు పట్టించాలని తనే చెప్పింది. నా కుండే మందు. ఆ మాట ఆ పిల్ల నోటినుంచి విన్నాను.

11,229వ రోజు

పెద్ద పోటు నిన్ననే వచ్చి వెళ్ళింది. హైమ కుండ పొయ్యలేదు. హైమని చెప్పనిచ్చి ఉంటే ఏమనేదో గానీ, నేనే ముందు పేరయ్యగారి దగ్గరికి వెళ్ళి, అమావాస్య దాకా ఆగండి, పుస్తకం చదివాక పొయ్యండి అన్నాను. ఇవాళ అమావాస్య.

అందరూ తెప్ప పై అంతస్తులో కూర్చున్నారు. పేరయ్యగారు అసలు పుస్తకం కోసం చెయ్యి చాచారు. నేను ఈ చిత్తు పుస్తకం తెరిచాను. పదకొండు వేల రెండొందల నాలుగో రోజు దగ్గర మొదలెట్టి మొన్నటి దాకా ఒక్క మాట వదలకుండా చదివాను. ఒక్క తప్పు దొరికితే బాగుండును అన్న చోట ఆగాను. నీళ్ళు తాగి మళ్ళీ చదివాను. ఊరికే కూర్చుంటే చాలు అన్న చోట ఎవరో ఆడమనిషి ఛీ అంది. ఎవరని తలెత్తి చూడలేదు.

అయిపోయాక పుస్తకం మూశాను. పాకం కలిపినందుకు కాదు, చూసి కడిగేసినందుకు అని పేరయ్యగారు అన్నారు.

"గరిటె ఇచ్చెయ్యి మరిడమ్మా."

ఇచ్చేశాను. పదిహేడు మందిలో తొమ్మిది మంది అప్పటికే లేచి తిరుగుతున్నారు. బుల్లెమ్మొదినని మంచంతో సహా మోసుకొచ్చి ఓ పక్కన పడుకోబెట్టారు. నేను దగ్గరికి వెళ్ళాను. మొహం గోడవైపు తిప్పుకుంది.

మా ఆచారం ఇంకోటుంది. జనం ముందు చదివిందే పుస్తకం. అలమరలో ఉన్న అంకెల పుస్తకం అక్కడితో ఆగిపోయింది. ఇక మీద ఇదే అసలు పుస్తకం.

14,994వ రోజు

హైమ కుండ అంకె ఇది, రాయడానికి చెయ్యి రాలేదు. రెండుసార్లు 11,238 అని రాయబోయాను.

తొమ్మిది రోజుల కిందట, అమావాస్య నాడే కలపమని పేరయ్యగారు చెప్పిన కుండలు ఇవాళ కలిపారు. జబ్బువాళ్ళందరూ లేచాకే కలుపుదామని హైమ పట్టుబట్టింది. పొద్దున్నే స్నానం చేసి, నా కుండ నేనే నెత్తిన పెట్టుకుని, ఆ పిల్ల గుమ్మంలోకి వెళ్ళాను. ఆ రోజు తను నిలబడినట్టే నిలబడ్డాను. మంచి రోజు చూద్దాంలే పెద్దత్తా అంటే ఏం చెయ్యాలా అని దారి పొడుగునా అనుకున్నాను. అనలేదు. కుండకి చెయ్యి ఆనించి లోపలికి తీసుకుంది. మా అత్తగారు పెట్టిన కుండ, ఒక్క పూట కూడా ఖాళీ కానిది, వంచి పోస్తుంటే అడుగు కనిపించింది. ఇన్నేళ్ళలో నేను దాని అడుగు చూడలేదు. ఏదో గీసి ఉంది. తడి తుడిచి చూశాను. మా అత్తగారి చేతి గీత. ఒకటి.

కడిగి ఎండలో పెట్టాను.

లెక్క ఎవరు రాస్తారని పేరయ్యగారు అడిగితే, రాసే చెయ్యి పెద్దత్తదే ఉండనివ్వండి, నాకు అక్షరం కుదరదు అని హైమ చెప్పింది. దాని అక్షరం నేను చూశాను. ముత్యాల్లా ఉంటుంది.

వరస నిలబడింది. నేను గ్లాసు పట్టుకుని చివర నిలబడ్డాను. పందొమ్మిదేళ్ళలో వరసలో నిలబడింది ఇవాళే. ముందు నిలబడ్డ బుల్లెమ్మొదిన ఇంకా కర్ర ఊతంతోనే ఉంది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. పది రోజులుగా నాతో పలకలేదు.

"అక్కడ ఎండలో ఏం నిలబడతావే? ఇలా వచ్చి నా ఎనకాల నిలబడు," అంది.

వెళ్ళి నిలబడ్డాను. 

హైమ పోసింది. ఒకటే వరస, 214 మంది. తాగాను. పైన దాని కమ్మదనం తెలిసింది, గుటక వేశాక నా పులుపు తెలిసింది. బాగుంది. మా అత్తగారి కుండకంటే బాగుంది, నా కుండకంటే బాగుంది. రుచిలో ఎక్కువ భాగం నాదేనని నాకు గట్టిగా అనిపించింది. ఈ మాట అక్కడ ఎవరితోనూ అనలేదు.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఆ పిల్ల గరిటె బోర్లించిన తీరు ఇవాళ కూడా చూశాను, ఇవాళ కూడా తప్పు దొరకలేదు. నలభై ఏడు లాగా ఓ మూల పడి ఉంది. దానికి ఏం పెట్టకూడదో ఇప్పుడు తెలుసు.

వచ్చే అమావాస్యకి ఇదంతా పైకి చదవాలి. చదివేది హైమ.